ఎడమ పక్కన కాగితం

నమస్కారం.

ఇది నేను నోటితో అన్న మాట. నా ముందున్న కాగితంలో మాత్రం మొట్టమొదటి మాట ‘మస్కారం’ అని ఉంది. ఆ ‘న’ ఎటు పోయిందో కాసేపాగి చెబుతాను. ముందు ఒక చప్పుడు వినండి.

(మీటల చప్పుడు, ఐదారు క్షణాలు)

మీలో యాభై అయిదు దాటిన వాళ్ళు కొందరు చేస్తున్న పని ఆపి రేడియో వైపు తిరిగే ఉంటారు. టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చి ఉంటుంది. దీన్ని మొదటిసారి కొట్టినప్పుడు నాకూ అదే గుర్తొచ్చింది. కానీ ఇది టైపు మిషను కాదండీ. టైపు మిషను వేషం కట్టిన కంప్యూటరు కీబోర్డు. ఇక్కడివాళ్ళని బతిమాలి స్టూడియోలోకి తెచ్చుకున్నాను, చప్పుడు గురించి మాట్లాడుతూ చప్పుడు వినిపించకపోతే ఏం బాగుంటుందని. గుండ్రటి మీటలు, ప్రతి మీట చుట్టూ వెండిలా మెరిసే అంచు. ఎడమ పక్కన క్యారేజీని తోసే పిడి లాంటిది ఒకటి. వెనక కాగితం నిలబడాల్సిన చోట ఫోనో టాబ్లెట్టో నిలబెట్టుకునే గాడి. వైరు లేదు, రిబ్బను లేదు, కాగితం లేదు. బరువు మాత్రం కిలో పైనే. దబదబా కొట్టినా బల్ల మీద జరక్కుండా కూర్చుంటుంది.

దీన్ని హైదరాబాదు నుంచి మా మేనల్లుడు తెచ్చాడు. “రిటైరయ్యాక నీ వేళ్ళు తుప్పు పడుతున్నాయత్తా, కాస్త నూనె పెడదామని” అన్నాడు. వాడు పుట్టేనాటికే టైపు మిషన్లు అటకెక్కాయి. కానీ వాడి వయసు పిల్లలకి పాతకాలపు సరుకంటే ఎక్కడలేని మోజు. మన దగ్గరే కాదు. హాలీవుడ్ నటుడు టామ్ హ్యాంక్స్‌కి టైపు మిషన్లు పోగేసే పిచ్చి ఉంది; 2014లో ఆయన పేరు మీద ఐప్యాడ్‌లో టైపు మిషను చప్పుడు చేసే యాప్ కూడా వచ్చింది. అదే ఏడాది క్వెర్కీరైటర్ అనే కీబోర్డు కోసం అమెరికాలో కిక్‌స్టార్టర్‌లో జనం ముందుగా డబ్బులు వేసి మరీ తయారు చేయించుకున్నారు. ఇవాళ రకరకాల పేర్లతో దొరికే ఈ గుండ్రటి మీటల కీబోర్డుల్లో పేరు మోసినది అదే. మా ఇంట్లోది దాని దూరపు చుట్టం.

నేను టైపు నేర్చుకున్నది తెనాలిలో, 1983లో. ఇంటర్ అయిపోయింది. డిగ్రీలో చేర్పించాలా, సంబంధాలు చూడాలా అన్నది ఇంట్లో తేలలేదు. అది తేలేలోగా ఖాళీగా కూర్చోబెట్టడం దేనికని టైపుకి పంపారు. మా వీధిలో నలుగురు ఆడపిల్లలం, నలుగురిదీ అదే కథ. రేకుల షెడ్డు, పద్నాలుగు మిషన్లు, గంటకో బ్యాచి. రెమింగ్టన్లు కొన్ని, గోద్రెజ్‌లు కొన్ని, ఒకే ఒక్క ఫాసిట్. ఆ ఫాసిట్ మీట మెత్తగా దిగుతుందని పేరు. హయ్యరు పరీక్షకి కట్టిన వాళ్ళకి తప్ప దాని ముందు కూర్చునే యోగం ఉండేది కాదు.

మొదటి పాఠం ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. కుడి చేతికి సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. వారం రోజులు అదే, పేజీలకి పేజీలు. చిటికెన వేలు రాత్రిళ్ళు సలిపేది. మాస్టారు మీటల వంక చూడనిచ్చేవారు కాదు. చూస్తే ఒక అట్టముక్క తెచ్చి మా కళ్ళకీ చేతులకీ మధ్య అడ్డం పెట్టేవారు. “అమ్మాయ్, మీట ఎక్కడుందో వేలికి తెలియాలి, నీకు కాదు” అనేవారు. మరి నేనెక్కడ చూడాలి? ఎడమ పక్కన. అక్కడ కొట్టాల్సిన కాగితం ఉంటుంది. కళ్ళు దాని మీద నుంచి కదలకూడదు. ఈ ఎడమ పక్క కాగితాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. పరీక్ష సెంటర్‌కి మిషను కూడా మనమే మోసుకెళ్ళాలి. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. రిక్షాలో మడిచిన దుప్పటి మీద మిషను, దాని పక్కన ఒదిగి నేను, వెనక సైకిలు మీద మా నాన్న. దారిలో గతుకు తగిలినప్పుడల్లా మిషను గంట దానంతటదే ‘టింగు’మనేది, పెళ్ళివారి బండిలాగా. హాల్లో గంట కొట్టగానే వందమందీ ఒక్కసారిగా మొదలుపెట్టేవారు. రేకుల కప్పు మీద వడగళ్ళ వాన పడ్డట్టుండేది. పది నిమిషాల తర్వాత మళ్ళీ గంట. ఆ నిశ్శబ్దంలో చెవులు గుయ్‌మనేవి.

ఆ చప్పుడు ఎవరో ముచ్చటపడి పెట్టింది కాదు. మీట నొక్కితే అవతల ఒక ఇనుప కడ్డీ లేచేది. దాని కొసన అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి పోతపోసి ఉండేది. అది ఎగిరి వెళ్ళి రిబ్బనుని రోలరు మీద కాగితానికి కొట్టేది. అప్పట్లో ఇన్‌స్టిట్యూట్‌లో మీరు విన్న ‘టక్’ అదే, ఇనుము కాగితాన్ని కొట్టిన దెబ్బ. నాలుగు కార్బన్లు పెడితే ఐదో కాపీలో కూడా అక్షరం కనబడేంత గట్టిగా కొట్టాలి. సైక్లోస్టైల్‌కి స్టెన్సిల్ కొట్టాలంటే రిబ్బను తప్పించి, వట్టి ఇనుముతో మైనపు కాగితాన్ని కోయాలి. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కాస్త జోరుగా పడితే గుండ్రంగా చిల్లు పడి ముక్క రాలిపోయేది. తీసుకున్న జీతం వేళ్ళ బలానికే అనిపించేది.

ఆ చప్పుడుని సంగీతంలో కలిపిన వాళ్ళూ ఉన్నారు. అమెరికాలో లెరాయ్ ఆండర్సన్ అనే ఆయన 1950లో ‘ది టైప్‌రైటర్’ అని ఒక స్వరరచన చేశాడు. ఆర్కెస్ట్రా ముందు ఒకాయన టైపు మిషను వేసుకుని కూర్చుంటాడు, అదే అందులో ప్రధాన వాద్యం. మన దేశంలో తీసిన ఇంగ్లీషు సినిమా ‘బొంబాయి టాకీ’, 1970 నాటిది, అందులో ఓ హిందీ పాటకి పెద్ద టైపు మిషను సెట్టు వేసి దాని మీటల మీద నాట్యం చేయించారు. శంకర్ జైకిషన్ల సంగీతం. ఆ పాట చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం, ఆ కాగితం మీద ఎన్ని తప్పులు పడి ఉంటాయో అని. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది?

గోద్రెజ్ వాళ్ళు మన దేశంలో టైపు మిషను తయారీ మొదలుపెట్టింది 1955లో. ఆపేసింది 2009లో. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసులో ఏడు మిషన్లు. రిటైరయ్యేనాటికి స్టోర్‌రూంలో ఒకటి, అది కూడా తలుపు పడిపోకుండా ఆనించడానికి. మధ్యలో కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పాటు వచ్చిన కీబోర్డుల్లో చాలావాటికి మీటల కింద రబ్బరు పొర ఉండేది. నొక్కితే మెత్తగా, తడిసిన అట్టని వత్తినట్టు ఉండేది. పడిందో లేదో వేలికి తెలిసేది కాదు. తల ఎత్తి తెర వంక చూడాల్సి వచ్చేది. మా మాస్టారు ఉంటే అట్టముక్క తెర ముందు పెట్టేవారు.

కంప్యూటర్లు తయారుచేసే వాళ్ళకి మా బాధ తెలియక కాదు. ఐబీఎం వాళ్ళే అప్పటిదాకా ఎలక్ట్రిక్ టైపు మిషన్లు అమ్మినవాళ్ళు. టైపిస్టులకి వేలి కింద ఏదో తెగినట్టు, ఏదో దిగినట్టు తెలియాలని వాళ్ళకి తెలుసు. 1985లో వాళ్ళు తెచ్చిన ‘మోడల్ ఎం’ కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కుతుంటే అది నిలబడి నిలబడి ఒక్కసారి పక్కకి వంగిపోతుంది. ఆ వంగినప్పుడు చప్పుడు. చెర్రీ కంపెనీ వాళ్ళ స్విచ్చిలూ ఆ కాలంనాటివే. వాటికి రంగుల పేర్లు. ఎరుపుదైతే అడ్డూ ఆపూ లేకుండా దిగిపోతుంది. బ్రౌనుకి మధ్యలో చిన్న మెట్టులాంటిది వేలికి తగులుతుంది గానీ అరవదు. నీలానికి మెట్టూ ఉంది, అరుపూ ఉంది. ఇవాళ చైనాలో తయారయ్యే స్విచ్చిలు కూడా చాలావరకు ఈ రంగుల లెక్కే పాటిస్తాయి. నా దాంట్లో ఉన్నది నీలం.

మా మేనల్లుడు ఒక మీట టోపీ ఊడదీసి చూపించాడు. కింద అగ్గిపెట్టెలో సగం కూడా లేని డబ్బా. లోపల ఒక స్ప్రింగు, పైకీ కిందకీ ఆడే ఒక ప్లాస్టిక్ కాడ, ఒకదానికొకటి తగలబోయే రెండు రాగి రేకులు. ఆ కాడకి తొడిగిన చిన్న తొడుగు ఒకటి విడిగా ఉంటుంది. మీట సగం దాకా దిగేసరికి ఆ తొడుగు చటుక్కున కిందకి జారి ‘టిక్’ మంటుంది. ఆ అరుపు దానిదే. చెర్రీ వాళ్ళ లెక్కలో నీలం స్విచ్చి మీట మొత్తం దిగే దూరం 4 మిల్లీమీటర్లు, అక్షరం పడేది 2.2 దగ్గర. అంటే మిగతా దూరం నొక్కనక్కర్లేదు. టిక్‌మన్నప్పుడే వేలు తీసేయొచ్చు.

తీసేయొచ్చు అని నాకు తెలుసు. నా వేళ్ళకి తెలియదు! ఐదు కాపీలకి సరిపడా కొట్టిన వేళ్ళు అవి. మొదటి వారం నేను కొడుతుంటే మా ఆయన వరండాలోంచి వచ్చి, “ఏమే, మసాలా దంచుతున్నావా?” అన్నారు. టిక్ వెనకాలే నా బలమంతా అడుగుకి తగిలి ‘ధబ్’. టిక్-ధబ్, టిక్-ధబ్. గుడ్డు పగలకుండా పట్టుకున్నట్టు మీట మీద వేలు ఆనించడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ముప్పై ఏళ్ళు ఒక బలం పెట్టడం నేర్చుకున్న చేతులకి ఆ బలం మానుకోవడమే కష్టమైన పాఠం. ఇప్పటికీ కోపంగా ఉన్నప్పుడు ధబ్ వినబడుతుంది. మా ఆయన దాన్ని బట్టి వరండాలోనే ఉండాలా లోపలికి రావాలా అన్నది తేల్చుకుంటారు.

వేళ్ళు మోసుకొచ్చిన అలవాట్లు ఇంకా ఉన్నాయి. మా పాత రెమింగ్టన్‌లో ఒకటి అంకె ఉండేది కాదు. ఇంగ్లీషు చిన్న ‘ఎల్’నే ఒకటిగా కొట్టేవాళ్ళం. కాగితం మీద రెండూ ఒకటే. కంప్యూటరుకి కాదుగా! కరెంటు బిల్లు కట్టబోతే పదమూడు వందల్లో మొదటి అంకె అంకే కాదు పొమ్మంది. వాక్యం చివర చుక్క పెట్టి రెండుసార్లు స్పేస్ బార్ కొట్టడం ఇంకో అలవాటు. అది తప్పు కూడా కాదు కాబట్టి మానుకోలేదు.

ఇక ఆ పిడి. ఎడమ పక్కన ఉన్నది. టైపు మిషనులో లైను చివరికొచ్చేసరికి గంట మోగుతుంది, ఎడమ చెయ్యి దానంతటది లేచి పిడి తోస్తుంది, క్యారేజీ వెనక్కి వెళ్ళి కాగితం ఒక లైను పైకి జరుగుతుంది. ఈ కీబోర్డులో ఆ పిడి తోస్తే ఎంటర్ కొట్టినట్టు. గంట లేదు. అయినా నా ఎడమ చేతికి లోపల ఎక్కడో గంట మోగుతూనే ఉంటుంది. ఓ రోజు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి మా వదినగారికి రాస్తున్నాను. “వదినా, మీ తమ్ముడుగారు పొద్దున్నే ఆస్పత్రి” అనేసరికి నా లెక్కలో లైను నిండింది. పిడి తోశాను. వాట్సాప్‌లో ఎంటర్ అంటే పంపించెయ్యి అని అర్థం. “ఎదురుగా ఉన్న ఫ్లాటు చూడ్డానికి వెళ్ళారు” అని నేను రెండో లైను పూర్తిచేసేలోపు గుంటూరు నుంచి ఫోను, వదినగారు ఏడుస్తూ. ఆ రోజు నుంచి వాట్సాప్ పనులన్నీ ఫోనులోనే, బొటనవేలితో.

తెలుగు సంగతి చెప్పలేదు కదూ. చెప్పాల్సింది అదే ఎక్కువ.

టైపు మిషనుకి భాష ఒంట్లోనే ఉండేది. ఇనుప కడ్డీ కొసన పోతపోసిన అక్షరం ఏదైతే అదే. ఇంగ్లీషు మిషను మీద తెలుగు ససేమిరా పడదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, ఆఫీసుల్లో తెలుగు అన్నారు. నేను చేరేనాటికి మా ఆఫీసులో ఇంగ్లీషు మిషన్లు ఆరు, తెలుగుది ఒకటి. దాని మీద కూర్చోవాలంటే తెలుగు లోయరు విడిగా పాసవ్వాలి. అయ్యాను. నలభై చిల్లర మీటల్లో, షిఫ్టుతో కలిపి తొంభై చిల్లర గుర్తుల్లో మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ ఇరికించాలి. కొన్ని మీటలు కొడితే గుర్తు పడేది గానీ క్యారేజీ కదిలేది కాదు. డెడ్ కీ అంటాం. అక్కడే ఆగి దాని మీద ఇంకోటి పేర్చాలి. తెలుగు కొట్టేవాళ్ళ చప్పుడు ఇంగ్లీషు కొట్టేవాళ్ళ చప్పుడులా ఉండేది కాదు. మధ్యమధ్యలో కుంటేది. కళ్ళు మూసుకుని కూడా పక్క గదిలో ఏ భాష నడుస్తోందో చెప్పగలిగేదాన్ని.

ఈ కీబోర్డు ఉంది చూడండి, దీనికి అక్షరం ముక్క రాదు. నేను హాస్యానికి అనడం లేదు, నిజంగానే రాదు. నేను మీట నొక్కితే అది ఆ మీట నంబరు మాత్రం గాల్లో పంపిస్తుంది. పైన ఇంగ్లీషు ‘ఎ’ అని రాసి ఉన్న మీట నంబరు 4. ‘నాలుగు నొక్కింది’ అని కబురు చేరుతుంది, అంతే. ఇంగ్లీషులో ఉన్నామా, కంప్యూటరు దాన్ని ‘ఎ’ అనుకుంటుంది. తెలుగులో ఉన్నామా, ఓత్వం అనుకుంటుంది. భాషంతా అవతలి గట్టునే ఉంది. అందుకే అమెరికా వేషం వేసుకుని చైనాలో పుట్టిన ఈ వస్తువు మీద నేను మా అమ్మ భాష రాసుకోగలుగుతున్నాను. పాత రెమింగ్టన్‌కి అక్షరాలన్నీ వచ్చు, కానీ ఒక్క భాషవే. దీనికి ఏదీ రాదు, అన్నిటికీ పనికొస్తుంది. ఇందులో ఏది గొప్పో నేను తేల్చలేకపోయాను.

తెలుగులో కొట్టడానికి నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను, యాభై ఎనిమిదో ఏట. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఖాయం చేసిన అమరిక అది. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి ఎక్కువగా హల్లులు. ‘క’ మీద షిఫ్టు పట్టుకుంటే ‘ఖ’. తెలుగులో ‘క’ ఉన్న చోటే హిందీలోనూ కన్నడంలోనూ ‘క’ ఉంటుంది. ఎవరో బాగా ఆలోచించి వేసిన ముగ్గు అది. నేను పాసైన తెలుగు లోయరుకీ దీనికీ పోలిక లేదు కాబట్టి పాతది మర్చిపోయి కొత్తది నేర్చుకోవాల్సి వచ్చింది. మా మేనల్లుడు నవ్వుతాడు. వాడు ఇంగ్లీషు అక్షరాల్లో ఎ ఎమ్ ఎమ్ ఎ కొడితే కంప్యూటరు దాన్ని ‘అమ్మ’ చేసి పెడుతుంది. ఈ దారీ కొత్తదేం కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు 1990ల్లోనే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటి కట్టారు, ఆర్.టి.ఎస్. అని. దూరాభారంలో ఉన్నవాళ్ళు చేసుకున్న ఏర్పాటు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అమ్మని వేరేవాళ్ళ గుమ్మంలోంచి తిప్పి ఇంట్లోకి పిలవడం నాకు నచ్చదు. అ, మ, పొల్లు, మ. షిఫ్టు పక్కన పెడితే నాలుగు మీటలు, మా గుమ్మంలోంచే.

ఇంకో సంగతి, ఈ చప్పుడు వల్లే నాకు తెలిసినది. ఇప్పుడు ఒకే ఒక్క అక్షరం కొడతాను, లెక్కపెట్టండి.

(మీటల చప్పుడు, ఆరు)

ఆరు! నేను కొట్టింది ‘స్త్రీ’. చదవడానికి ఒకే అక్షరం. కొట్టడానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. రబ్బరు కీబోర్డు మీద ఏళ్ళ తరబడి కొట్టినా ఇది నా చెవికెక్కలేదు. టిక్కుటిక్కుమంటుంటే తెలిసింది, తెలుగు అక్షరం లోపల ఎన్ని అంతస్తులున్నాయో. ఇప్పుడు మనవరాలికి సంయుక్తాక్షరాలు ఇలాగే చెబుతున్నాను. ‘వస్త్రం’లో ఆ ఒత్తుల దగ్గరికొచ్చేసరికి అది టిక్కులు వేళ్ళ మీద లెక్కపెట్టి “అమ్మమ్మా, ఇంకోటి మర్చిపోయావు” అంటుంది.

మీటల మీద తెలుగు అక్షరాలు లేవు మరి, ఎలా అని అడుగుతారేమో. అంటించే స్టిక్కర్లు దొరుకుతాయి. తెచ్చాం. అవి చదరంగా ఉన్నాయి, మీటలేమో గుండ్రం. మూలలు చుట్టూ పైకి లేచి, వేలికి గుచ్చుకుని, నాలుగో రోజుకి ‘ళ’ నా చీరకి అంటుకుని గుడికొచ్చింది. పీకేశాను. మీట ఎక్కడుందో వేలికి తెలియాలిగా.

ఇక నా ‘న’ సంగతి. ఇది వైరు లేని కీబోర్డు. బ్లూటూత్. పదో శతాబ్దంలో డెన్మార్కుని ఏలిన హెరాల్డ్ అనే రాజు పేరుకి తగిలించిన మారుపేరు అది, నీలి పన్ను. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి, ఇదీ, అన్నీ ఆకాశంలో ఒకే పేటలో కాపురం, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. బ్యాటరీ ఆదా చెయ్యడానికి ఇది కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోతుంది. మళ్ళీ ఏదో ఒక మీట నొక్కితే లేస్తుంది. లేచి, కళ్ళు నులుముకుని, కంప్యూటరుతో చెయ్యి కలిపేలోపు ఆ మొదటి మీట కబురు కాస్తా గాల్లో కలిసిపోతుంది. ఇంగ్లీషులో అయితే ఒక అక్షరం తగ్గి ఊరుకుంటుంది. తెలుగులో కొంచెం వింతగా ఉంటుంది. ‘కావాలి’లో ‘క’ పోయిందనుకోండి, వెనక వచ్చిన దీర్ఘానికి పట్టుకోవడానికి హల్లు ఉండదు. అప్పుడు తెర మీద చుక్కలతో ఒక ఖాళీ వలయం గీసి, దీర్ఘాన్ని దానికి తగిలిస్తుంది కంప్యూటరు. రైలు ఎక్కించడానికి వచ్చి, ఎక్కాల్సినవాళ్ళు రాక ప్లాట్‌ఫారం మీద సంచీతో నిలబడ్డ మనిషిలా ఉంటుంది అది.

ఈ ప్రసంగం మొదలుపెట్టేముందు నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కీబోర్డు పడుకుంది. లేపాను. ‘న’ తినేసింది. నేను మీటల్నీ చూడను, తెరనీ చూడను, నాకు నేర్పినట్టు ఎడమ పక్కకి చూస్తున్నాను. ప్రింటు తీశాక కనబడింది, ‘మస్కారం’. దిద్దలేదు, మీకు చెప్పడానికి సాక్ష్యం ఉండాలని.

కానీ నేను ఎడమ పక్కకి చూస్తే అక్కడ ఏముందని? ఏమీ లేదు.

ముప్పై మూడేళ్ళు నా ఎడమ పక్కన ఎవరిదో ఒకరిది కాగితం ఉండేది. మెమోలు, జాబితాలు, సస్పెన్షన్ ఆర్డర్లు, సంతాప తీర్మానాలు. ఎవరికో వీడ్కోలు సభలో ఎవరో చదివే అభినందన పత్రం, అందులో కన్నీళ్ళు తెప్పించే వాక్యాలు అన్నీ నేనే కొట్టాను, ఒక్కటీ నాది కాదు. కింద ఎడమ మూలన రెండు చిన్న అక్షరాలు ఉండేవి, టైపు చేసింది ఎవరో తెలియడానికి. నేను చేతులారా కొట్టిన లక్షల మాటల్లో నావి ఆ రెండే. అప్పుడు నా చప్పుడు ఆగేది కాదు. స్పీడు అంటే అదే కదా, ఆగకపోవడం. మంచి టైపిస్టు ఆలోచించదు అనేవారు మాస్టారు. అది తిట్టు కాదు, మా పరీక్షలో అదే అర్హత.

కానీ ఆలోచించిన టైపిస్టు ఒకామె ఉండేది. డాలస్‌లో ఒక బ్యాంకులో సెక్రటరీగా చేసిన బెటీ నెస్మిత్ గ్రాహం. తప్పులు చెరపడానికి 1950లలో ఇంట్లో తెల్లరంగు కలుపుకుని చిన్న సీసాలో ఆఫీసుకి తీసుకెళ్ళింది. తర్వాత అది వ్యాపారమై, 1979లో జిల్లెట్ కంపెనీ 4 కోట్ల 75 లక్షల డాలర్లకి కొంది. నేను మా ఆఫీసులో ఆ సీసాలు ఎన్ని ఖాళీ చేశానో! మూత మీద ఆవిడ కథ రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడు సీసా అక్కర్లేదు, కుడి పక్క పైన ఒక గుండ్రటి మీట ఉంది. వెనక్కి, వెనక్కి, వెనక్కి. ఈ ప్రసంగం రాస్తున్నప్పుడు నేను ఎక్కువసార్లు కొట్టిన మీట అదే.

నీలం స్విచ్చిలో దాపరికం లేదు. వాక్యం నడుస్తున్నప్పుడు టిక్కులు వరసగా పడతాయి. మాట దొరకనప్పుడు ఆగిపోతాయి. చెరుపుతున్నప్పుడు ఒకే మీట అదే పనిగా మోగుతుంది, అది కూడా ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. మొదట్లో నాకు సిగ్గేసేది. నిమిషానికి 45 మాటలు కొట్టి హయ్యరు పాసైన దాన్ని, నిమిషానికి మూడు మాటలు పడటం లేదు. వేళ్ళకి మీటలు తెలుసు, చెప్పాల్సిందే తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాస్తాను, కింద పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి. ధబ్ తగ్గుతుంది, టిక్ తగ్గదు. మా మేనల్లుడు మొన్న వచ్చి, “మావయ్యకి నిద్ర పాడవుతోందటగా, బ్రౌను స్విచ్చిలు వేసిస్తానత్తా, పది నిమిషాల పని” అన్నాడు. నేను ఏమీ అనకముందే మా ఆయన అందుకున్నారు. “వద్దులేరా, చప్పుడు ఆగినప్పుడే నాకు మెలకువొస్తోంది. మీ అత్త ఎక్కడో ఇరుక్కుందని లేచి కాఫీ పెడుతున్నాను.”

నిజమే. ఈ ప్రసంగానికి పదకొండు కాఫీలయ్యాయి.

సమయం అయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఆఖరి మాట నోటితో చెప్పను, దీంతో కొడతాను. ‘సెలవు’ అని. ఐదు చప్పుళ్ళు, ఆ తర్వాత ఒక చుక్క. చుక్క తర్వాత కూడా లావుగా రెండు వినబడితే, అవి స్పేస్ బార్‌వి. పాత అలవాటు. పడుకుందేమో, ముందు ఒకసారి లేపుతానుండండి.

(ఒక మీట చప్పుడు. చిన్న విరామం. మీటల చప్పుడు, ఐదు. ఒకటి. స్పేస్ బార్, రెండు.)